పచ్చ బూట్ల లెక్క

బూటు డబ్బా మీద ఆకు బొమ్మ వేసినంత మాత్రాన ఆ బూటు భూమికేదో మేలు చేసేస్తుందని నేను నమ్మను. ఈ మాట మా ఆఫీసు రన్నింగ్ గ్రూపులో అన్నందుకు ఒకాయన "నువ్వు అన్నిటికీ అంతేనయ్యా, అన్నీ వంకలే" అని తేల్చేశాడు. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెప్తే అలాగే ఉంటుంది మరి. కాస్త తీరిగ్గా ఇక్కడ రాద్దామని కూచున్నా. ఓపికున్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు పోయి పరిగెత్తుకోండి :)

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. తారు రోడ్డు మీద కాకుండా మట్టిబాటల్లో, గుట్టల్లో, పొలం గట్ల మీద పరిగెత్తడాన్ని ట్రెయిల్ రన్నింగ్ అంటారు. మన తాతలు దీన్ని "పొలం పోయిరావడం" అనేవాళ్ళు గానీ, అది వేరే సంగతి. దీనికి వేరే బూట్లుంటాయి. అడుగున నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల లోతున్న రబ్బరు పళ్ళు, పైన గట్టి జాలీ గుడ్డ, మధ్యలో మెత్తటి ఫోము. వానాకాలం వస్తుందనగానే "ఏ ట్రెయిల్ షూ కొనాలి?" అన్న ప్రశ్న మొదలవుతుంది. ఈ మధ్య దానికి తోక ఒకటి చేరింది: "సస్టెయినబుల్‌ది కావాలి". జవాబుగా ఒక లిస్టు వస్తుంది. ఒక్కొక్కటీ పదిహేను వేల పైమాటే. ఒకదాన్లో రీసైకిల్ చేసిన సీసాలున్నాయంటారు, ఒకటి మొక్కల నుంచి చేశామంటారు, ఇంకొకటి ఏకంగా కార్బన్ న్యూట్రల్ అంటారు.

మనం ఇంజినీర్లం కదా, లెక్క చూద్దాం.

2013లో ఎమ్‌ఐటీ వాళ్ళు ఆసిక్స్ కంపెనీతో కలిసి ఒక మామూలు రన్నింగ్ బూటుని పుట్టుక నుంచి చెత్తకుప్ప దాకా లెక్కగట్టారు. ఒక్క జతకి దాదాపు 14 కిలోల కార్బన్ డయాక్సైడ్ తేలింది. దాన్లో 65 విడిభాగాలు, వాటిని చేసి కలపడానికి 360కి పైగా పనులు! అది రోడ్డు మీద పరిగెత్తే బూటే గానీ, ట్రెయిల్ బూటూ అదే జాతి కాబట్టి లెక్క మరీ దూరంగా పోదు. అసలు ఆసక్తికరమైన విషయం ఏంటంటే, ఆ 14 కిలోల్లో మూడింట రెండొంతులు ఫ్యాక్టరీలో తయారీ దగ్గరే పోతోంది. ముడిసరుకు వాటా 29 శాతమే. కారణం సులభమే. చిన్న చిన్న ముక్కలు బోలెడు, ఒక్కోదానికీ ఒక అచ్చు, ఒక వేడి, ఒక కుట్టు, ఒక అంటింపు. ఆ మిషన్లన్నీ నడిచేది బొగ్గు కరెంటు మీద.

ఇప్పుడు సీసాల సంగతి చూడండి. పైన జాలీ గుడ్డని పాత ప్లాస్టిక్ సీసాలతో నేశాం అని చెప్పేది ఆ 29 శాతంలో ఒక ముక్క గురించి. ఆ ముక్కలోనూ మొత్తం మిగలదు, కొంతే తగ్గుతుంది. పైగా సీసాని మళ్ళీ సీసాగా మార్చొచ్చు. బూటుగా మార్చాక జిగురుతో ఫోముకీ రబ్బరుకీ అంటుకుపోయి ఇక దేనికీ పనికిరాదు. మన జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి ఇంకో దారి వేసినట్టే.

అసలు జతకి ఎంత అని లెక్కేయడం దగ్గరే పేచీ ఉంది. కిలోమీటరుకి ఎంత అని అడగాలి. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుందంటారు. 700 అనుకుందాం. 14 కిలోలు భాగించు 700: కిలోమీటరుకి 20 గ్రాములు. లీటరుకి 60 ఇచ్చే బైకు కిలోమీటరుకి 38 గ్రాములు వదుల్తుంది (లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు, మీరే భాగించుకోండి). అంటే మన పరుగు బైకులో సగం! నేను మొదటిసారి ఈ లెక్క చేసి, ఎక్కడైనా సున్నా తప్పిందేమోనని మళ్ళీ చేశాను. తప్పలేదు. ఇహ మనాళ్ళలో కొందరు 300 కిలోమీటర్లకే "కుషనింగ్ పోయింది" అని కొత్తది కొంటారు. అప్పుడది 47 గ్రాములు. బైకు మీద ఆ మట్టిబాట చుట్టి వచ్చినా అంతకన్నా తక్కువే. ఒళ్ళు మాత్రం తగ్గదనుకోండి.

ఇంకో ముచ్చట. మన గచ్చిబౌలి బ్యాచ్ ఆదివారం పొద్దున్నే అనంతగిరి కొండలకి పోతుంది, రానూపోనూ ఓ 150 కిలోమీటర్లు. లీటరుకి 15 ఇచ్చే కారులో ఒక్కడే పోతే 10 లీటర్లు, అంటే 23 కిలోలు. ఒక్క ఆదివారం పరుక్కి, బూట్ల జత పుట్టడానికయ్యే దానికన్నా ఎక్కువ! నలుగురు కలిసి పోతే మనిషికి ఆరు కిలోల లోపు. బూటు ఏ కంపెనీది అన్నదానికన్నా కారులో ఎంతమంది అన్నది పెద్ద ప్రశ్న. కానీ కారులో పక్క సీటు ఎవరికో ఇచ్చినందుకు ఆకు బొమ్మ ఎవరూ వెయ్యరు కదా.

కంపెనీలన్నీ అబద్ధాలే చెప్తున్నాయనడం లేదు. 2021లో ఆడిడాస్, ఆల్‌బర్డ్స్ కలిసి ఒక బూటు చేశాయి, జతకి 2.94 కిలోలే. విడిభాగాలు తగ్గించి, ముక్కలు వృథా కాకుండా కత్తిరించి సాధించారు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు. అదే ఏడాది సాలొమాన్ వాళ్ళు తీసిన ఒక బూటుని వాడేశాక వెనక్కి పంపితే పొడి చేసి మంచు మీద జారే స్కీ బూట్లలో కలుపుతారు. స్విట్జర్లాండుకి చెందిన ఆన్ కంపెనీ ఒక బూటుని అద్దెకిచ్చింది: నెల నెలా చందా కట్టు, అరిగాక వెనక్కిచ్చెయ్యి. ఆ బూటుకి మూలసరుకు ఏంటో తెలుసా? ఆముదం! మన పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లో పండిన పంటే. ప్రపంచంలో ఆముదం ఎక్కువ పండించేది మన దేశమే. మన ఆముదం పోయి, ఫ్రాన్సు కంపెనీ చేతిలో నైలాను లాంటి ప్లాస్టిక్కుగా మారి, బూటై, "మొక్కల నుంచి" అన్న చీటీతో తిరిగొస్తోంది. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. కాకపోతే ఈ మూడిట్లో ఒక్కటీ ట్రెయిల్ బూటు కాదు, ఆ వెనక్కిచ్చే పద్ధతుల్లో బూటుని బాగుచెయ్యడం అన్నది ఎక్కడా లేదు. పొడి చెయ్యడమే ఉంది.

ఇక కారంచేడు సంగతి. మా అమ్మమ్మగారి ఊరు. చీరాల నుంచి పర్చూరు పోయే దారిలో వస్తుంది. సెలవులకి వెళ్ళినప్పుడు కొమ్మమూరు కాలవ కట్ట మీద పరిగెత్తుతా. ఎండాకాలం బ్రహ్మాండంగా ఉంటుంది. ఒక్క వాన పడిందా, నల్లరేగడి తన ప్రతాపం చూపిస్తుంది. ఆ రబ్బరు పళ్ళ మధ్య మట్టి కూరుకుపోయి పది అడుగుల్లో బూటు కిలో బరువవుతుంది. విదేశాల్లో రాళ్ళ కొండల మీద పరీక్షించిన పళ్ళు మన రేగడి ముందు బలాదూర్. అక్కడివాళ్ళ పద్ధతి వేరు. వాన పడ్డాక చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తారు. కిలోమీటరుకి సున్నా గ్రాములు.

అలాంటి ఒక వానాకాలంలోనే నా బూటు ముందు భాగం నోరు తెరిచింది. కొని ఏడు నెలలు. కంపెనీకి (పేరు అనవసరం) ఫోటోలు పెట్టి రాస్తే, ఎంతో మర్యాదగా విచారం వెలిబుచ్చి, ఇంకో జత కొంటే 20 శాతం తగ్గింపు అని కూపన్ పంపారు. వాళ్ళ వెబ్‌సైటులో పర్యావరణం మీద 40 పేజీల నివేదిక ఉంది. "రిపేర్" అన్న మాట కోసం వెతికాను, ఒక్కసారి కూడా రాలేదు.

చీరాల బజారులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళా. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కుట్టటానికి చేసిన బూటు కాదండీ, అంటించి వదిలేసింది. మేకు కొడితే ఫోము చిరుగుద్ది" అన్నాడు. అని, పాత జిగురు గీకి, కొత్త జిగురు రాసి, అంచు చుట్టూ మైనపు దారంతో గట్టి కుట్టు వేసిచ్చాడు. 150 రూపాయలు. ఆ జతతో ఇంకో 400 కిలోమీటర్లు పరిగెత్తాను. పై లెక్క ప్రకారం ఆయన గంటసేపు పని 8 కిలోల కార్బన్ ఆపింది. రీసైకిల్ సీసాలు ఆపేదానికన్నా అది ఎన్నో రెట్లు. అయినా ఏ కంపెనీ నివేదికలోనూ ఆయన పనికి ఒక గడి లేదు.

అన్నట్టు, ఫోముకి ఆయుష్షు ఉంటుంది, అది నలిగిపోయాక ఎంత కుట్టినా పాత ఊపు రాదు అనేది నిజమే. కానీ మన బూట్లలో సగం ఫోము పోకముందే, జాలీ చిరిగో అడుగు ఊడో చెత్తలోకి పోతాయి. పర్వతారోహకుల బూట్లకి అడుగు మార్చే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. చెయ్యలేక కాదు.

ఈ కుట్టు సంగతి గ్రూపులో చెప్పినప్పుడే ఇంకో మిత్రుడు అందుకున్నాడు: "అందుకే అంటా, మన పాత తోలు చెప్పులే అసలైన సస్టెయినబుల్. మన పూర్వీకులకి అన్నీ తెలుసు." దానికి బోలెడు లైకులు. నాకు అసలు పేచీ ఇక్కడే.

వస్తువు వరకు ఆయన చెప్పింది నిజం. చచ్చిన గొడ్డు చర్మం, వెంట్రుకలు ఊడటానికి సున్నం నీళ్ళు, పదును పెట్టడానికి తంగేడు చెక్క, కరక్కాయ. కరెంటు లేదు, క్రోమియం లేదు. కిర్రు చెప్పులు ఏళ్ళ తరబడి వచ్చేవి, తెగితే వారు మార్చేవాళ్ళు, చివరికి మట్టిలో కలిసిపోయేవి. చెప్పులే కాదు, మోట బొక్కెనలు, కాడి వారులు, చెర్నాకోలలు, డప్పులు అన్నీ ఆ తోలే. కార్బన్ లెక్క వేస్తే ఏ పచ్చ బూటూ దాని దరిదాపులకి రాదు.

కానీ ఆ చెప్పు చేసిందెవరు? "మన పూర్వీకులు" అంటే ఎవరి పూర్వీకులు? చచ్చిన గొడ్డుని మోసుకుపోయి, చర్మం ఒలిచి, ఆ కంపులో, సున్నం నీళ్ళలో చేతులు పెట్టి కూచున్నది మాదిగలు. మా తాతకి చెప్పులు కుట్టిచ్చినాయనకి ఏడాదికోసారి కళ్ళంలో గింజలు కొలిచేవాళ్ళు, అంతే. ఆ కంపు పేరు చెప్పే వాళ్ళని ఊరి చివర పెట్టారు. తను చేసిన చెప్పు తను వేసుకుని పెద్ద వీధిలో నడవటానికి లేదు, విడిచి చేత్తో పట్టుకోవాలి. (పైన రేగడిలో చెప్పులు చేతిలో పట్టుకోవడం అన్నాను. అది మట్టి వల్ల. ఇది మనుషుల వల్ల.) ఇవన్నీ ఆ "సస్టెయినబుల్" చెప్పు ఖర్చులే. ఎవరి ఖాతాలో రాశారు?

కారంచేడు పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది 1985. ఏం జరిగిందో ఈ తరం వాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, దాని మొదలు చూడండి. జులై 16న మాదిగపల్లె వాళ్ళు తాగే మంచినీళ్ళ చెరువు దగ్గర ఒక భూస్వామి కుటుంబం కుర్రాడు గేదెలకి కుడితి పెట్టి, ఆ బకెట్టు కడిగిన మురికి నీళ్ళు చెరువులోకి పోతుంటే, పల్లె కుర్రాడొకడు వద్దన్నాడు. వాణ్ణి కొట్టబోతే నీళ్ళకొచ్చిన సువార్త అనే ఆమె అడ్డుపడింది, తన మీదికొస్తే బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాలకి పారిపోయి, అక్కడే శిబిరంలో ఉండి, చివరికి అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళ నాయకత్వంలో ఆ సెప్టెంబరులో తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, ఇరవై మూడేళ్ళకి.

1985 నాటికి ఆ పల్లెలో ఎక్కువమంది పొలం కూలీలు, తోలు పని చేసేవాళ్ళు కాదు. కాబట్టి బూట్ల గురించి రాస్తూ ఇదెందుకు తెచ్చావు అంటారేమో. అది నీటి గురించి జరిగింది కనుక. "మా తాగునీళ్ళలో మురికి కలపకు" అన్నందుకు జరిగింది. అంతకన్నా పర్యావరణం మాట ఏముంటుంది చెప్పండి? ఆ మాట అనే హక్కు ఎవరికుంది అన్నదే అక్కడ గొడవ. ఆ ఊళ్ళో నేను పరిగెత్తే కట్ట మీద నించుని "మన పూర్వీకులు ప్రకృతితో కలిసి బతికారు" అనడానికి నాకైతే నోరు రాదు.

తోలు పని కులం నుంచి ఫ్యాక్టరీకి మారాక నీళ్ళ సంగతి మారిందా? మారలేదు. తమిళనాడులో రాణిపేట, ఆంబూరు వైపు చూడండి. తంగేడు చెక్కతో వారాలు పట్టే పని క్రోమియంతో ఒక రోజులో అయిపోతుంది. ఆ నీళ్ళు పాలారు నదిలోకీ, పొలాల బావుల్లోకీ పోయాయి. వెల్లూరు పౌరుల సంఘం వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని చెప్పింది. ఆ తోలుతో చేసిన బూట్లు విదేశాలకి పోయాయి, క్రోమియం ఇక్కడ మిగిలింది. తోలు వద్దని సింథటిక్ కొంటే జిగుళ్ళు, ద్రావకాలు. నీళ్ళు దిగని ట్రెయిల్ బూటుకి వాడుతూ వచ్చిన ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీళ్ళలో విరగవు. ఇప్పుడిప్పుడే మానేస్తున్నారు, బట్టల్లో వాటిని 2025 నుంచి కాలిఫోర్నియా నిషేధించింది. మన తడ దగ్గర మాంబట్టులో ఆడిడాస్‌కి బూట్లు చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది, పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ట్రెయిల్ షూ రివ్యూలు నేను చాలా చదివాను. పళ్ళ లోతు మిల్లీమీటర్లలో చెప్తారు, మడమ ఎత్తు తేడా చెప్తారు. అంటించే చేతుల గురించి ఒక్క వాక్యం చూడలేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది స్కోపు సమస్య. ప్రాజెక్టు ఎస్టిమేటులో మనకి కష్టమైనవన్నీ "అవుట్ ఆఫ్ స్కోప్" అని రాసి కింద సంతకం పెడతాం చూడండి, అలాగే. బూటు లెక్కలో కార్బన్ స్కోపులో ఉంది, ఎందుకంటే అది గ్రాముల్లో చెప్పొచ్చు. ఏ ఊరి నీళ్ళు, ఎవరి ఊపిరితిత్తులు, తెగితే ఎవరు కుడతారు, ఎంతిస్తారు అన్నవి అవుట్ ఆఫ్ స్కోప్. పాత చెప్పుని పొగిడేవాళ్ళదీ అదే పద్ధతి.

చెప్పులు కుట్టే పని ఒక కులం నెత్తినే ఉండాలని నేననడం లేదు. ఉండకూడదు. ఏసీ బాగుచేసేవాడు ఇంటికొచ్చి మూత తీసి చూసినందుకే 500 తీసుకుంటాడు, కిమ్మనకుండా ఇస్తాం. పదిహేను వేల బూటుని బతికించినాయనకి 150 అంటే "వంద చేస్కో" అని బేరం. ఆ పనికి సరైన కూలి ఉంటే ఏ కులం పిల్లలైనా నేర్చుకుంటారు. ముంబయిలో గ్రీన్‌సోల్ అనే సంస్థ పాత రన్నింగ్ బూట్ల అడుగులతో చెప్పులు చేసి బడిపిల్లలకిస్తోంది. అలాంటివి మన దగ్గరా రావచ్చు.

మా కంపెనీ ఏటా రన్‌లో పాల్గొన్నవాళ్ళకి కొత్త బూట్ల కూపన్ ఇస్తుంది, "గ్రీన్" కంపెనీదే. ఈసారి నేనొక ప్రతిపాదన పెట్టాను. కూపన్ వద్దు. ఆ డబ్బుతో క్యాంపస్‌లో నెలకి రెండు రోజులు బూట్లు బాగుచేసేవాళ్ళని కూర్చోబెడదాం, రోజుకి ఒక టెక్నీషియన్‌కిచ్చే కూలి ఇద్దాం, జిగురూ దారమూ మనమే కొందాం. పదకొండు మంది సంతకం పెట్టారు (పూర్వీకుల మిత్రుడు కూడా పెట్టాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి). వారం తర్వాత అడ్మిన్ నుంచి ఒక్క లైను మెయిల్ వచ్చింది: వచ్చేవాళ్ళు వెండర్‌గా రిజిస్టర్ కావాలి, వాళ్ళకి జీఎస్టీ నంబరుందా?

ఏడాదికి 20 లక్షల లోపు సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని రూలు జతచేసి జవాబు పంపాను. ప్రస్తుతానికి "పరిశీలనలో" ఉంది.